పంపకాల తగాదా రాస్తున్న అమ్మాయికి

అమ్మాయ్,

నీ వ్యాసం చదివాను. హామ్ రేడియో, అంటే లైసెన్సు తీసుకుని సరదాకి రేడియోలో మాట్లాడుకునేవాళ్ల వ్యవహారం మీద తెలుగులో రాసేవాళ్లే తక్కువ. అందులోనూ ఏ రకం సంకేతం ఏ ఫ్రీక్వెన్సీలో ఉండాలన్న తగాదాని ఎత్తుకున్నావు కాబట్టి కాస్త గట్టిగానే చెబుతాను, ఏమీ అనుకోకు.

మొదటి పేజీలోనే అమెరికా హామ్‌లను రెండు జట్లు చేసేశావు: చుక్కలూ గీతలతో కొట్టే మోర్స్‌ని వదలని ముసలాళ్లు, కంప్యూటర్ తెచ్చిన కుర్రాళ్లు. రాయడానికి సుఖంగానే ఉంటుంది గానీ నిజం అందులో ఇమడదు. కంప్యూటర్‌తో సందేశాలు పంపే డిజిటల్ పద్ధతి ఎఫ్‌టీ8నే చూడు. 2017లో దాన్ని తయారుచేసిన ఇద్దరిలో ఒకరు జో టేలర్. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న పెద్దాయన, అప్పటికే డెబ్భై దాటిన మనిషి. ఒక్కో ఎఫ్‌టీ8 సంకేతం వెడల్పు సుమారు 50 హెర్ట్జ్. 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర ఎస్ఎస్‌బీ అనే మాట పంపే పద్ధతిలో ఒక్క గొంతు పట్టేంత జాగాలో డజన్ల కొద్దీ స్టేషన్లు సర్దుకుంటాయి. “డిజిటల్ వచ్చి జాగా మింగేసింది” అన్న నీ వాక్యం ఇక నిలవదు. జాగా తినేవి పాక్టర్-3 లాంటి వేరే డిజిటల్ పద్ధతులు. అది రెండు కిలోహెర్ట్జ్ పైనే ఆక్రమిస్తుంది.

అసలు కథ ఇక్కడుంది, నువ్వేమో రెండు వాక్యాల్లో దాటేశావు. మోర్స్ ఆపరేటర్ మొదలుపెట్టే ముందు ‘క్యూఆర్ఎల్?’ అని కొడతాడు, ఇక్కడ ఎవరైనా ఉన్నారా అని. ఎవరైనా ఉంటే జవాబొస్తుంది, అతను పక్కకి జరుగుతాడు. రేడియో మీద ఈమెయిల్ చేరవేసే విన్‌లింక్ గేట్‌వే అలా కాదు. అది మనిషి లేని స్టేషన్, ఎవరైనా పిలిస్తే దానంతటదే పలుకుతుంది. పిలిచేది సముద్రం మీద పడవలో ఉన్న మనిషి అనుకో. పాపం అతను విని చూసే పిలిచాడు, ఏమీ వినబడలేదు. హామ్‌లు దూరాలకి వాడే హెచ్‌ఎఫ్ తరంగాలు పైన అయనావరణాన్ని తాకి దూరాన దిగుతాయి, మధ్యలో ఏమీ వినబడని మేర ఒకటి మిగిలిపోతుంది. గేట్‌వే పక్క ఊళ్లో మోర్స్ కొడుతున్నవాడి మాట ఆ పడవకి చేరకపోవచ్చు. గేట్‌వే నోరు తెరవగానే మాత్రం వాడి సంభాషణ మునిగిపోతుంది. పోనీ ఆగమని చెబుదామన్నా, ఆ యంత్రానికి మోర్స్ అర్థం కాదు, మోర్స్ కొట్టేవాడికి పాక్టర్ అర్థం కాదు. మన ఊళ్లో గట్టు తగాదా అయితే ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి తిట్టుకుంటారు. వీళ్లకి ఆ సౌకర్యం కూడా లేదు. హద్దు గీతను చట్టంతోనే గియ్యమని అంతమంది పట్టుబట్టింది ఇందుకే. పాతదనం మీద మోజు అని తేల్చెయ్యకు.

ఇక అవతలి కుర్చీలో కూర్చుని రాయి. 2017లో మరియా తుఫాను ప్యూర్టోరికోని చిందరవందర చేసినప్పుడు వేగంగా సందేశాలు పంపడానికి పాక్టర్-4 కావలసి వచ్చింది. సెకనుకి 300 సంకేతాలు మించకూడదన్న 1980 నాటి 300 బాడ్ పరిమితి దానికి అడ్డం. అమెరికాలో రేడియో నియమాలు చూసే ఎఫ్‌సీసీ తాత్కాలికంగా మినహాయింపు ఇవ్వాల్సి వచ్చింది. ప్రతి విపత్తుకీ ఇలా అనుమతి అడుక్కోవడమేమిటన్న డిజిటల్ వాళ్ల కోపం న్యాయమైనదే. 2023 నవంబర్‌లో ఆ పరిమితి ఎత్తేసి, బదులుగా 2.8 కిలోహెర్ట్జ్ వెడల్పు హద్దు పెట్టారు. నీ వ్యాసం దీన్ని తీర్పులా ముగింపులో పెట్టింది. నాకైతే ఇది తీర్పులా కనబడదు. పైన చెప్పిన మోర్స్ మనిషి ఇబ్బంది ఆ హద్దుతో పోలేదు కదా.

రకాన్ని బట్టి కాకుండా వెడల్పుని బట్టి పంచుదామన్న ఆలోచన ఈ దశాబ్దంలో పుట్టింది కాదు. 1976లో ఎఫ్‌సీసీయే అలాంటి ప్రతిపాదన చేస్తే, తమ చోటు పోతుందని ఏఎం అనే పాత, వెడల్పైన పద్ధతిలో మాట్లాడేవాళ్లు గగ్గోలు పెట్టారు. 2005లో అమెరికా హామ్‌ల సంఘం ఏఆర్ఆర్ఎల్ మళ్లీ అర్జీ పెట్టి 2007లో వెనక్కి తీసుకుంది. ఆ మధ్యలో, 2006 డిసెంబర్‌లో, 80 మీటర్ల బ్యాండ్‌లో గొంతు భాగాన్ని 3750 నుంచి 3600 కిలోహెర్ట్జ్ దాకా కిందికి జరిపారు. మోర్స్‌కీ డేటాకీ కలిపి ఉన్న 250 కిలోహెర్ట్జ్ నూరుకి కుదించుకుపోయింది. నీ ముసలాళ్ల కోపం ఎక్కణ్నుంచి మొదలైందో ఇప్పుడు తెలిసిందా? అప్పుడు వాళ్ల చోటు తీసుకున్నది గొంతు వాళ్లు, డిజిటల్ వాళ్లు కాదు.

మరో సవరణ. 20 మీటర్ల బ్యాండ్‌లో 14.150 మెగాహెర్ట్జ్ దాకా మోర్స్, డేటా, ఆ పైన గొంతు అన్నది అమెరికాలో చట్టం. చాలా దేశాల్లో ఇలాంటి పంపకం హామ్ సంఘాల అంతర్జాతీయ సమాఖ్య ఐఏఆర్‌యూ వేసిన బ్యాండ్ ప్లాన్ మాత్రమే, పెద్దమనుషుల ఒప్పందం. ఐఏఆర్‌యూ ప్రపంచాన్ని పంచుకున్న రీజియన్లలో మనం ఉన్నది మూడోదాంట్లో. నీ వ్యాసంలో “ప్రపంచమంతా” అన్న మాట కొట్టేయి.

శీర్షికలో ‘యుద్ధం’ కూడా తీసెయ్. అర్జీలు, అభ్యంతరాలు, ఆలస్యాలు... వీటిని యుద్ధమంటే యుద్ధం నవ్వుతుంది.

తిరగరాసే ముందు ఒక పని చెయ్యి. నెదర్లాండ్స్‌లో ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్ల వెబ్‌ఎస్‌డీఆర్ అనే ఇంటర్నెట్ రేడియో రిసీవర్‌ని ఇంట్లో కంప్యూటర్ మీదే వినొచ్చు. 14.000 నుంచి మెల్లగా పైకి జరుగు. పాక్టర్ గరగర ఎక్కడైనా తగిలితే ఆగి, దాని కింద బలహీనమైన మోర్స్ ఏదైనా ఉందేమో పట్టుకోవడానికి చూడు. నీకు వినబడింది వినబడినట్టు రాసి ముందు ఆ పేరా ఒక్కటే నాకు పంపు. మిగతా వ్యాసం తర్వాత చూద్దాం.