కోడ్ ముక్కకు పుట్టిల్లు ఉండాలి

ప్రియమైన చిరంజీవికి,

నువ్వు పంపిన ఇన్‌స్టలేషన్ పేజీని రెండు విధాలుగా చదివాను. మొదట మామూలు పాఠకుడిలా వాక్యం వెంట వాక్యం చదివాను. తర్వాత ఏమీ లేని కొత్త కంప్యూటర్ ముందు కూర్చుని, నువ్విచ్చిన కమాండ్లను ఒక్కొక్కటిగా కాపీ చేసి నడిపి చూశాను. వాక్యాలు చక్కగా ఉన్నాయి గాని, మూడో కమాండ్ నడవలేదు. అందుకే ఈ ఉత్తరంలో నీ శైలి జోలికి పోకుండా, పేజీలో కోడ్‌ను, బొమ్మలను ఎలా పొదగాలన్న సంగతే రాస్తున్నాను.

ఆ కమాండ్‌ను నువ్వు తప్పు రాయలేదు. దాన్ని వర్డ్ ప్రాసెసర్‌లో టైపు చేసి, అక్కడినుంచి మార్క్‌డౌన్ (సాదా గుర్తులతో పేజీలు రాసే పద్ధతి) ఫైల్‌లోకి తెచ్చినట్టున్నావు. నీ నిలువు కొటేషన్లు వంపు కొటేషన్లయ్యాయి. పక్కపక్కనున్న రెండు హైఫన్లు కలిసి ఒక పొడవాటి గీతయ్యాయి. కంటికి అవి అందంగానే ఉంటాయి, కమాండ్లను నడిపే షెల్‌కు మాత్రం పరాయి అక్షరాలు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఇదే పొరపాటు చేశాను. ఆ పేజీని నమ్మిన ఒకాయన, లోపం తన సర్వర్‌లోనే ఉందనుకుని రాత్రంతా వెతికాడని తెలిసినప్పుడు కలిగిన బాధ ఇప్పటికీ తగ్గలేదు. కోడ్‌ను ఎప్పుడూ సాదా టెక్స్ట్ ఎడిటర్‌లోనే రాయి. పేజీలో కోడ్ పెట్టెను తెరిచే మూడు బ్యాక్‌టిక్కుల (```) పక్కన అది ఏ భాషో పేర్కొను. కమాండ్ ముందు డాలర్ గుర్తు పెట్టకు, ఎందుకంటే పాఠకుడు దాన్నీ కలిపి కాపీ చేస్తాడు. కమాండ్ ఒక పెట్టెలో, దాని ఫలితం వేరొక పెట్టెలో ఉండాలి. పైథాన్‌లోని మూడు బాణాల గుర్తు (>>>) సంగతి వేరు: ఆ గుర్తుతో రాసిన ఉదాహరణలను డాక్‌టెస్ట్ అనే మాడ్యూల్ స్వయంగా నడిపి, నువ్వు చూపిన ఫలితంతో పోల్చి చూడగలదు.

ఇక అసలు విషయానికి వస్తాను. నీ కాన్ఫిగరేషన్ ఉదాహరణ నాలుగు పేజీల్లో ఉంది, నాలుగు చోట్లా చేత్తో అతికించినదే. రేపు ఒక సెట్టింగ్ పేరు మారితే రెండు చోట్ల దిద్ది, మిగతా రెండూ మరిచిపోతావు. అది నీ అశ్రద్ధ కాదు, ఆ పద్ధతిలోనే ఉన్న దోషం. ఉదాహరణకు ఒక పుట్టిల్లు ఉండాలి. ఆ ఇల్లు ప్రాజెక్టు ఫైళ్లన్నీ ఉండే రిపాజిటరీలో, పరీక్షలు నడిచే చోట ఉన్న నిజమైన ఫైల్ కావాలి. పేజీ దాన్ని అక్కడినుంచి తెచ్చి చూపించాలంతే. పైథాన్ డాక్యుమెంటేషన్‌ను లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతి నుంచి మార్చే క్రమంలో పుట్టి, 2008లో విడుదలైన స్ఫింక్స్ అనే డాక్యుమెంటేషన్ పనిముట్టులో ఇందుకు లిటరల్‌ఇన్‌క్లూడ్ అనే సదుపాయం ఉంది. దానితో ఫైల్‌లోని కొంత భాగాన్నే తేవాలనుకున్నప్పుడు, పదో వరుస నుంచి ఇరవయ్యో వరుస దాకా అని అంకెలు ఇవ్వకు. పైన ఎవరైనా ఒక్క వరుస చేర్చినా నీ పేజీలో వేరే ముక్క కనిపిస్తుంది, ఎవరికీ తెలియదు. కోడ్‌లోనే వ్యాఖ్యల రూపంలో మొదలు, చివర గుర్తులు పెట్టి, వాటి మధ్య భాగాన్ని తీసుకో. ఆ గుర్తును ఎవరైనా చెరిపేస్తే స్ఫింక్స్ హెచ్చరిస్తుంది.

ఒకచోట ఉంచి పలుచోట్లకు తెచ్చుకునే ఈ పద్ధతి కోడ్‌కు మేలు చేసినా, తెలుగు వాక్యాల దగ్గర కొంత ఇబ్బంది పెడుతుంది. తెలుగు వికీపీడియాలో మూసలు (ఒకచోట రాసి పలు పేజీల్లోకి తెచ్చుకునే ముక్కలు) వాడిన అనుభవం నీకుంటే ఇది వెంటనే తెలుస్తుంది. ప్రోగ్రామ్ పేరును ఒక చరరాశిగా పెట్టి, దాని పక్కన విభక్తి ప్రత్యయం రాశావు. పేరు ‘సర్వర్’ అయితే ‘సర్వర్‌కు’ అవుతుంది, ‘లైబ్రరీ’ అయితే ‘లైబ్రరీకి’ కావాలి. ఇకారం తర్వాత కి, ని వస్తాయి, మిగతా చోట్ల కు, ను వస్తాయి. ఇంగ్లీషు కోసం తయారైన పనిముట్లకు ఈ సంగతి తెలియదు. అందువల్ల మారే పేరును ఒంటరిగా నిలబెట్టి, ‘అనే ప్రోగ్రామ్‌కు’ అని మారని మాటకు ప్రత్యయం తగిలించు. వాక్యం కొద్దిగా పొడవవుతుంది, అయినా ఎక్కడా వికటించదు. అలాగే పలు పేజీల్లోకి వెళ్లే పేరాలో ‘పైన చెప్పినట్టు’ అని రాయకు. ఆ పేజీలో పైన ఏముంటుందో నీకు తెలియదు.

టెర్మినల్ (కమాండ్లు టైపు చేసే తెర) ఫొటోలు మూడు పెట్టావు, వాటిని తీసెయ్యి. వాటిలోని అక్షరాలను పాఠకుడు కాపీ చేసుకోలేడు, వెతకలేడు, చూపు లేనివారి స్క్రీన్ రీడర్ చదవలేదు. మెనూలు చూపే బొమ్మలు ఉండనీ, కాని ప్రతిదానికీ అందులో ఏముందో చెప్పే ప్రత్యామ్నాయ వాక్యం రాయి. వీడియోను పొదిగిన చోట, అందులోని అడుగులను మాటల్లో కూడా ఇవ్వాలి. అదే పేజీ పీడీఎఫ్‌గా వెళ్లినప్పుడు అక్కడ వీడియో ఆడదు. శీర్షికల స్థాయిలను అక్షరాల సైజు కోసం ఎంచుకోకు. చాలా పనిముట్లలో శీర్షిక మాటల నుంచే లింకు చిరునామా తయారవుతుంది కనుక, శీర్షిక మార్చిన రోజున బయటివారు ఇచ్చుకున్న లింకులు ఆ చోటికి చేరవు; ముఖ్యమైన వాటికి విడిగా ఒక స్థిరమైన పేరు పెట్టు.

కాన్ఫిగరేషన్ ఉదాహరణను ముందు ఫైల్‌గా మార్చి, నాలుగు పేజీలూ దాన్నే తెచ్చుకునేలా చేసి పంపు. ఈసారి పీడీఎఫ్ కూడా జతచెయ్యి. నేను మళ్లీ కొత్త కంప్యూటర్‌లోనే మొదటి కమాండ్ నుంచి నడిపి చూస్తాను.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి