మన ఎండల్లో తక్కువ కరెంటుతో సూపర్ కంప్యూటర్ నడుస్తుందా?

ఫిన్లాండ్ లాంటి చలిదేశంలో సరే, హైదరాబాద్ ఎండల్లో పరిశోధనలకు తక్కువ కరెంటుతో సూపర్ కంప్యూటర్ నడపడం కుదిరే పనేనా అని అడిగారు. కచ్చితంగా కుదురుతుంది. తిప్పలన్నీ గది మొత్తాన్ని చల్లబరచాలనే పట్టుదలతో వచ్చినవే.

పన్నెండేళ్లు ఒక యూనివర్సిటీలో 40 నోడ్ల క్లస్టర్ చూసుకున్నాను, అంటే ఒకే పనిని పంచుకుని చేసే 40 కంప్యూటర్ల గుంపు. ఏసీ ఎప్పుడూ 18లోనే. కంప్యూటర్లు పేర్చిన ర్యాకుల ముందు స్వెట్టర్ వేసుకునేవాళ్లం, వెనక్కి వెళ్తే మొహానికి పొయ్యి సెగ. ఖాళీ అరలకు రేకు మూతలు బిగించమని మూడేళ్లు అడిగాను. ఆ సందుల్లోంచే వేడిగాలి మళ్లీ ముందుకొచ్చేది. మూతలు బిగించలేదు, రెండో ఏసీ కొన్నారు!

ఓ మే నెల మధ్యాహ్నం రెండు ఏసీలూ ట్రిప్పయ్యాయి. పావుగంటలో గది 20 నుంచి 43కి చేరింది. క్యాంటీన్ నుంచి పెడస్టల్ ఫ్యాన్లు తెచ్చి తలుపులు బార్లా తీశాం. నోడ్లు ఒక్కొక్కటే ఆపుతుంటే ఓ పీహెచ్‌డీ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. ప్రోటీన్ కదలికలను కంప్యూటర్లో లెక్కగట్టే ఆమె సిమ్యులేషన్ తొమ్మిదో రోజులో ఉంది. "సార్, నాది చివర్లో ఆపండి సార్" అంది. చివర్లోనే ఆపాను.

2012లో జర్మనీలోని గార్చింగ్‌లో సూపర్‌ఎంయూసీ అనే సూపర్ కంప్యూటర్ కట్టినప్పుడు 40 డిగ్రీల నీళ్లతోనే ప్రాసెసర్లను చల్లబరిచారు. 70 డిగ్రీల్లో కాగే చిప్పుకి 40 డిగ్రీల నీళ్లు చల్లటివే కదా! ఎండ 42 ఉన్నా గాలిలో తేమ 20 శాతమే అయితే తడిబల్బు ఉష్ణోగ్రత, అంటే నీళ్లు ఆవిరై గాలిని ఎంతవరకు చల్లబరచగలవో ఆ హద్దు, 24 దాటదు. వట్టివేళ్ల తడికల మీద నీళ్లు చల్లితే ఇల్లు ఎందుకు చల్లబడుతుందో, కూలింగ్ టవర్‌లో నీళ్లూ అందుకే 30 లోపుకి దిగుతాయి. కంప్రెసర్ పనే లేదు. విశాఖ ఉక్కపోతలో ఆ నీళ్లు ఇంకాస్త వేడిగా ఉంటాయి, అయినా 40కి చాలా దూరం. టవర్ నీళ్లు తాగుతుంది, నిజమే. శుద్ధి చేసిన మురుగునీరు పోయండి.

ఇంకో బాధ. కంప్యూటర్ కేంద్రం కరెంటును ఎంత పొదుపుగా వాడుతోందో చెప్పే పీయూఈ లెక్కలో భవనం మొత్తం కరెంటును కంప్యూటర్ల కరెంటుతో భాగిస్తారు. సగంలో ఆగి వృథాగా పోయిన జాబ్ (కంప్యూటర్‌కిచ్చిన లెక్క) మింగిన కరెంటు కూడా అందులో మంచి ఖాతాలోనే పడుతుంది. ప్రోటీన్ సిమ్యులేషన్లకు వాడే గ్రోమాక్స్ ప్రోగ్రాం పావుగంటకోసారి దానంతటదే చెక్‌పాయింట్ రాసుకుంటుంది, అంటే ఆగినా అక్కడి నుంచే కొనసాగించేలా అప్పటిదాకా చేసిన పని దాచుకుంటుంది. ఆ పీహెచ్‌డీ అమ్మాయి వాళ్ల ల్యాబ్ సొంత ప్రోగ్రాంలో ఆ ఏర్పాటే లేదు. జూన్‌లో వానలు పడ్డాక ఆ అమ్మాయి మొదటి రోజు నుంచి మళ్లీ మొదలుపెట్టింది.