గోళీ వేసుకున్నావా అని వాడు అడగాలి

ప్రశ్న: మాది కోస్గి దగ్గర పల్లె. ఆరేళ్లుగా హైదరాబాద్ బోరబండలో ఉంటున్నాం. మా ఆయనది సెంట్రింగ్ పని, నేను రెండిళ్లలో పనిచేస్తాను. ఊళ్లో మా అత్త ఒక్కతే. నిరుడు బాబును తెచ్చి ఇక్కడి బడిలో వేశాం. అప్పటినుంచి ఆమె సరిగా తినట్లేదు, బీపీ గోళీలు మర్చిపోతోంది. వాడుంటే నీళ్లు తెచ్చేవాడు, పక్కన కూచునేవాడు. ఇక్కడికి తెద్దామంటే మాకున్నది మూడో అంతస్తులో ఒక్క గది. రమ్మంటే ఏడుస్తుంది. ఊళ్లోవాళ్లు నన్నే అంటున్నారు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
– ఒక కోడలు

జవాబు: అమ్మా, నానమ్మ మనవణ్ని సాకుతోందని ఇన్నాళ్లూ మీరనుకున్నారు. వాడే ఆమెను చూసుకున్నాడు. పక్కన తినే మనిషి లేకపోతే ముసలివాళ్లు పొయ్యి దగ్గరికే పోరు. మా మేనత్తా అంతే. పొద్దుటి అన్నంలో రాత్రి నీళ్లు పోసుకునేది. ఏమంటే, ‘ఒక్కదానికి ఏం వండను’ అనేది.

బాబును వెనక్కి పంపమనను. వాడు చేసిన పనులు ఇంకొకరికి అప్పజెప్పండి. నీళ్లు, ఇంత కూర చూడమని పక్కింటామెకు నెలకింతని ఇవ్వండి. ఊరికే చేయమంటే నాలుగు రోజులు చేస్తుంది, ఐదో రోజు మీ అత్తే మొహమాటపడి వద్దంటుంది. రోజూ సాయంత్రం బాబుతో ఫోన్ చేయించండి. గోళీ వేసుకున్నావా అని మీరడిగితే ‘ఆ’ అంటుంది. వాడడిగితే లేచి వేసుకుంటుంది.

రేషన్ ఎక్కడ తీసుకుంటున్నారు? రాష్ట్రంలో ఏ షాపులోనైనా ఇస్తారని చాలామంది సిటీలోనే తెచ్చుకుంటారు. ఆమె పేరు మీ కార్డులోనే ఉంటే ఆమె బియ్యం కూడా బోరబండకే వచ్చేస్తాయి. అక్కడ ఆమె 2,016 రూపాయల పింఛనులోంచి బియ్యం కొనుక్కోవాలి. ఆమె వాటా ఆమెకు చేర్చండి.

2023 డిసెంబరు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్ ఫ్రీ. దాంతో ఊరెళ్లే పనులన్నీ కోడళ్ల మీద పడ్డాయి. బస్సు ఫ్రీ అయినా ఆ రోజు పని పోయేది మీకే కదా! ఈసారి టికెట్ కొనుక్కుని ఆయన్నే వెళ్లమనండి. తల్లి ఆయనకు. రెండు రోజులుండి, ఊరి ఆశా వర్కర్‌కు మీ ఇద్దరి నంబర్లూ ఇచ్చి రమ్మనండి. దసరా సెలవులకు బాబును పంపుతున్నామని తల్లితో ఇప్పుడే చెప్పి రావాలి.