నైట్రో బగ్గీ కొనేముందు ట్రాక్ చూసి రా

సందేహం: అన్నా, మాది హన్మకొండ. ఎంఎస్ చేయడానికి అమెరికా వచ్చి ఏడాది కావస్తోంది. ఇక్కడ నేనుండే ఊరి దగ్గర రిమోట్ కార్ల రేసులు జరిగే మట్టి ట్రాక్ ఒకటుంది. నైట్రో బగ్గీ, అంటే నైట్రోమీథేన్ కలిసిన ఇంధనంతో చిన్న ఇంజిన్ మీద నడిచే రిమోట్ కారు, కొందామని మనసు లాగుతోంది. ఏ కంపెనీది తీసుకోవాలి? మెయింటెనెన్స్ ఎట్లా? దసరాకు ఇంటికి వెళ్ళేటప్పుడు పట్టుకుపోవచ్చా?

జవాబు: తమ్ముడూ, కంపెనీ సంగతి తర్వాత. ముందు రేసు ఉన్న ఒక ఆదివారం ఉత్త చేతులతో ఆ ట్రాక్‌కు వెళ్ళు. టేబుళ్ళ మీద ఏ బగ్గీలు ఎక్కువ కనిపిస్తున్నాయో చూడు. అక్కడ హాబీ షాపు ఉంటే గోడకు వేలాడే స్పేర్ పార్టుల ప్యాకెట్లు ఏ కంపెనీవో చూడు. ముగెన్, క్యోషో, అసోసియేటెడ్, ఎక్స్‌రే, టెక్నో, వీటిలో ఏదీ చెడ్డ బండి కాదు. కానీ రేసుకు అరగంట ముందు సస్పెన్షన్ ఆర్మ్ విరిగితే ఆ ముక్క అక్కడికక్కడ దొరకాలి. ఆన్‌లైన్‌లో ఇరవై డాలర్లు తక్కువకు వచ్చిందని ఆ ట్రాక్‌లో ఎవరి దగ్గరా లేని బగ్గీ కొంటే, పార్టు పోస్టులో వచ్చేదాకా నువ్వు ప్రేక్షకుడివే.

రేసుల్లో ఎక్కువగా నడిచేది 1/8 సైజు, అంటే అసలు బండిలో ఎనిమిదో వంతు ఉండే బగ్గీ. 3.5 సీసీ ఇంజిన్, నాలుగు చక్రాలకూ పవర్, బరువు మూడు కిలోల పైచిలుకు, ట్యాంకు 125 సీసీ. మంచి రేసు కిట్ ఒక్కటే ఆరేడు వందల డాలర్లు ఉంటుంది, అందులో ఇంజిన్ రాదు. ఇంజిన్, సైలెన్సర్ పైపు, సర్వోలు (స్టీరింగ్, యాక్సిలరేటర్ తిప్పే చిన్న మోటార్లు), రేడియో (చేతిలో పట్టుకునే రిమోట్), టైర్లు, ఇంజిన్ స్టార్ట్ చేసే స్టార్టర్ బాక్సు కలిపితే పదిహేను వందలు సులభంగా దాటుతుంది. ఎడ్యుకేషన్ లోన్ నెత్తి మీద ఉన్నవాడికి నేను కొత్త కిట్ కొనమని చెప్పను. సీజన్ మారగానే పాత బండి అమ్మేసే రేసర్లు ప్రతి ట్రాక్‌లోనూ ఉంటారు. వాళ్ళ దగ్గర స్పేర్లతో సహా తీసుకుంటే సగం ధరకు వచ్చే అవకాశం ఉంది.

సెకండ్ హ్యాండ్‌లో చూడాల్సింది ముఖ్యంగా ఇంజిన్. చల్లగా ఉన్నప్పుడు, గ్లో ప్లగ్ (ఇంధనాన్ని అంటించే ప్లగ్) బిగించే ఉంచి, ఫ్లైవీల్‌ను చేత్తో తిప్పు. పిస్టన్ పైకి వచ్చేసరికి బిగుసుకోవాలి, కొంచెం బలం పెడితేగాని దాటకూడదు. ఈ ఇంజిన్లలో స్లీవ్, అంటే పిస్టన్ ఆడే గొట్టం, పైభాగం కావాలనే ఇరుకుగా చేస్తారు, వేడెక్కాక అది సరిగ్గా సరిపోతుంది. చల్లని ఇంజిన్ జారుతున్నట్టు తిరిగిందంటే స్లీవ్ అరిగిపోయింది, ఇంజిన్‌కు పైసా కట్టకు. తర్వాత బండిని తిప్పి ఛాసిస్ అడుగు చూడు, ముందువైపు బాగా అరిగినా, వంగినా బేరం తగ్గించు లేదా వదిలేయి. రేడియో గురించి ఎక్కువ ఆలోచించకు, పేరున్న కంపెనీ 2.4 గిగాహెర్ట్జ్‌ది ఏదైనా సరిపోతుంది.

ఇక ఇంధనం. ఇందులో మిథనాల్, నైట్రోమీథేన్, నూనె కలిసి ఉంటాయి. వరంగల్‌లో మన నాన్నలు పాత చేతక్ స్కూటర్లో పెట్రోల్ పోయించి పైనుంచి టూటీ ఆయిల్ కలిపించేవాళ్ళు గుర్తుందా, ఇదీ అదే టూ స్ట్రోక్ పద్ధతి. ఇంజిన్లో ఆయిల్ వేరే ఎక్కడా ఉండదు, ఇంధనంతో వచ్చేదే లూబ్రికేషన్. అమెరికాలో 20, 25, 30 శాతం నైట్రో డబ్బాలు మామూలుగా దొరుకుతాయి. నీ సోపతిగాళ్ళు ఎవరైనా జర్మనీలో ఉండి ఇదే సరదా పడితే వాళ్ళ లెక్క వేరు. యూరోపియన్ యూనియన్‌లో 16 శాతం దాటిన నైట్రోమీథేన్‌ను లైసెన్స్ లేకుండా మామూలు జనం కొనకూడదు, పేలుడు పదార్థాల తయారీకి వాడతారన్న భయంతో పెట్టిన నియమం అది. ఇక్కడి వీడియో చూసి అక్కడ 30 శాతం డబ్బా కోసం వెతకొద్దు.

నువ్వు ఉండేది నలుగురు కుర్రాళ్ళు కలిసి ఉండే అపార్ట్‌మెంట్ అనుకుంటున్నా. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నా: ఇంధనాన్ని ఎప్పుడూ నీళ్ళ బాటిల్లో పోయకు. మిథనాల్ విషం, కొద్దిగా లోపలికి పోయినా చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. చర్మం గుండా కూడా ఎక్కుతుంది, గ్లవ్స్ వేసుకో. దాని మంట పట్టపగలు కంటికి సరిగా కనిపించదు. డబ్బాను వంటగదిలో, హీటర్ పక్కన పెట్టకు. లీజులో ఏం రాసుందో చదువు, ఇలాంటివి లోపల పెట్టొద్దనే కాంప్లెక్సులు చాలా ఉంటాయి. మూసిన గ్యారేజీలో ఇంజిన్ స్టార్ట్ చేయకు, కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. పార్కింగ్ లాట్‌లో నడిపితే ఆ చప్పుడుకు పక్కింటివాళ్ళు పోలీసులకు ఫోన్ చేస్తారు. కొత్త దేశంలో ఆ టెన్షన్ నీకెందుకు?

కొత్త ఇంజిన్ అయితే మొదటి కొన్ని ట్యాంకులు ఓపికగా నడపాలి. స్టార్ట్ చేసేముందు హెయిర్ డ్రయ్యర్‌తో గానీ హీట్ గన్‌తో గానీ తల భాగం బాగా వేడి చేయి. చల్లగా ఉన్న బిగుతు స్లీవ్‌లో పిస్టన్‌ను బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ దెబ్బతింటుంది. ఇంధనం కొంచెం ఎక్కువ పోయేలా రిచ్‌గా పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కకుండా, మధ్యమధ్యలో చల్లారనిస్తూ నడుపు.

ట్యూనింగ్‌కే జనం ఎక్కువ ఆగమాగం అవుతారు. కార్బురేటర్ మీద ఉన్నవి రెండు నీడిళ్ళు (ఇంధనాన్ని సర్దే స్క్రూలు), ఒక ఐడిల్ స్క్రూ (బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ వేగాన్ని సర్దేది). గడియారం ముల్లు దిక్కుగా తిప్పితే ఇంధనం తగ్గుతుంది, అంటే లీన్. ఎదురు తిప్పితే రిచ్. ముందు హై స్పీడ్ నీడిల్ కుదిర్చి, తర్వాతే లో స్పీడ్ ముట్టుకో. గడియారంలో ఒక గంట గీత ఎంతో అంతే తిప్పి ఒక రౌండ్ నడిపి చూడు. స్ట్రెయిట్‌లో సన్నని పొగ గీత కనిపిస్తూ ఉండాలి. పొగ మాయమై, బండి మాత్రం బుల్లెట్‌లా పోతోందంటే సంబరపడకు, ఇంజిన్ లీన్ అయి కాలిపోవడానికి సిద్ధంగా ఉందన్నమాట. ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో ప్లగ్ దగ్గర చూస్తే మామూలుగా 200 నుంచి 260 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది. అయితే ఆ నంబర్ కోసం నీడిల్ తిప్పకు. పొగ, శబ్దం చూసి తిప్పు, నంబర్‌ను కాపలాకు పెట్టుకో. లో స్పీడ్ చూడాలంటే వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉన్నప్పుడు ఇంధన పైపును వేళ్ళతో నొక్కిపట్టు. రెండు మూడు సెకన్లు నడిచి, శబ్దం కొద్దిగా పెరిగి ఆగిపోతే బాగున్నట్టు. టక్కున ఆగితే లీన్, చాలాసేపు సాగితే రిచ్.

వాతావరణం కూడా చూసుకోవాలి. చల్లని గాలి చిక్కగా ఉంటుంది, దానికి ఇంధనం ఎక్కువ కావాలి. మధ్యాహ్నం ఎండలో కుదిర్చిన సెట్టింగ్‌తోనే మరుసటి వారం చలి ఉదయం నడిపితే ఇంజిన్ లీన్ అవుతుంది. అక్టోబర్ దాటాక ట్రాక్‌కు వెళ్ళగానే నీడిల్ కాస్త రిచ్ చేసి మొదలుపెట్టడం మంచిది.

ఇంజిన్లను ఎక్కువగా చంపేది దుమ్ము. మన చెల్క నేలల్లో ఎండాకాలం లేచే దుమ్ము తెలిసినవాడివి కాబట్టి నీకు వేరే చెప్పక్కర్లేదు, మట్టి ట్రాక్ మీద పది బగ్గీలు తిరిగితే ఇంకా ఘోరం. స్పాంజి ఎయిర్ ఫిల్టర్‌కు ఫిల్టర్ ఆయిల్ పోసి, ఎక్కడా పొడి మచ్చ మిగలకుండా జిప్ కవర్లో వేసి పిసుకు. ప్రతి రేసు రోజు తర్వాత తీసి సబ్బు నీళ్ళతో కడిగి, పూర్తిగా ఆరబెట్టి మళ్ళీ ఆయిల్ పట్టించు. ఆయిల్ పట్టించిన ఫిల్టర్లు రెండు మూడు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఫిల్టర్ కార్బురేటర్‌కు అతుక్కునే చోట సందు లేకుండా జిప్ టై బిగించు, గాలి ఆ సందులోంచి పోతే ఫిల్టర్ ఉన్నా లేనట్టే. ఇక్కడ బద్ధకిస్తే నాలుగు వందల డాలర్ల ఇంజిన్ ఒకే పూటలో పోతుంది.

రేసు అయ్యాక కారు డిక్కీలో పడేసి ఇంటికి పోవద్దు. ట్యాంకు ఖాళీ చేసి, పైపులో మిగిలింది కూడా కాలిపోయేదాకా ఇంజిన్ నడిపి ఆపు. మిథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది, లోపల మిగిలితే బేరింగ్‌లకు తుప్పు పడుతుంది. ప్లగ్ తీసి ఆఫ్టర్ రన్ ఆయిల్ కొన్ని చుక్కలు వేసి ఫ్లైవీల్ తిప్పు. పిస్టన్‌ను కిందికి దింపి దాచు. పైన బిగుతులో వదిలేస్తే, ఇంజిన్ చల్లారేకొద్దీ స్లీవ్ దాన్ని పట్టేసుకుంటుంది. క్లచ్ బెల్ బేరింగ్‌లు చవక, అనుమానం వస్తే మార్చేయి. డిఫ్‌లకు (చక్రాలకు పవర్ పంచే డిఫరెన్షియల్ గేర్లకు) ముందు 5000, మధ్య 7000, వెనక 3000 చిక్కదనం నంబరున్న సిలికాన్ నూనెతో మొదలుపెడితే చాలా ట్రాక్‌లకు సరిపోతుంది.

ఇంకో సంగతి. నీ రేసు అవ్వగానే తర్వాతి రేసులో పల్టీ కొట్టిన బండ్లను లేపి నిలబెట్టే మార్షల్ డ్యూటీ నీదే. అది ఎగ్గొట్టి నీళ్ళు తాగుతూ కూర్చుంటే చాలా క్లబ్బుల్లో నీ రిజల్ట్ కోస్తారు, పైగా మనిషి మీద మచ్చ పడుతుంది. పెద్ద రేసుల్లో మధ్యలో ఇంధనం నింపడానికి ఒక పిట్ మనిషి కావాలి. బండి కొనకముందే ఎవరికైనా ఆ సాయం చేయి, వీడియోల్లో రానిది అక్కడ నేర్చుకుంటావు. అయితే షాపువాళ్ళు శనాదివారాలు కౌంటర్లో కూర్చో, క్యాష్ ఇస్తామంటే వద్దను. ఎఫ్1 వీసా మీద అనుమతి లేకుండా బయట పని చేస్తే స్టేటస్ పోతుంది, పైలం.

దసరాకు తీసుకుపోవడం అంటావా, నైట్రోది వద్దు. ఇంధనం చెకిన్‌లోనూ, చేతి బ్యాగులోనూ నిషేధం. ఒకసారి ఇంధనం పోసి నడిపిన ఇంజిన్‌ను, వాసన వచ్చిందంటే కౌంటర్ దగ్గరే ఆపుతారు. దాటించుకుపోయినా హన్మకొండ చౌరస్తాలో నైట్రో డబ్బా అడిగితే దొరికే వస్తువు కాదు. ఊళ్ళో నడపాలనే కోరిక గట్టిగా ఉంటే ఎలక్ట్రిక్ 1/8 బగ్గీ తీసుకో. నాలుగు సెల్‌ల 5000 ఎంఏహెచ్ లైపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) 74 వాట్ అవర్లే, విమానాల్లో పెట్టిన 100 వాట్ అవర్ల పరిమితిలోపే ఉంటుంది. విడి బ్యాటరీలు చేతి బ్యాగులోనే పెట్టుకో, టెర్మినల్స్‌కు టేపు వేయి. అక్కడ మీ అక్క కొడుకు చేతికి రిమోట్ ఇచ్చేముందు అందులోని థ్రాటిల్ లిమిట్‌ను సగానికి తగ్గించు, మూడు కిలోల బండి ఫుల్ స్పీడులో తగిలితే కాలు విరుగుతుంది.