గాయపు పట్టీకి పాలిమర్ తయారుచేస్తున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. రొయ్యల పెంకుల నుంచి తీసిన కైటోసాన్‌తో, సూక్ష్మజీవులను అరికట్టే గాయపు పట్టీని తయారుచేయడమే నీ పీహెచ్‌డీ అంశంగా ఖాయమైందని తెలిసి సంతోషించాను. పాలిమర్ల (పొడవాటి గొలుసుల్లాంటి అణువుల) ప్రయోగశాలలో ముప్పై ఏళ్లు గడిపినవాడిని కనుక నాలుగు మాటలు రాయమన్నావు. ఉత్తరంతో పాటు నువ్వు పంపిన ఫోటోలో, బ్యాక్టీరియాను పెంచే అగర్ జెల్లీ పళ్లెం మీద నీ కైటోసాన్ ఫిల్ము (పలుచని పొర) చుట్టూ ఏర్పడిన తేట వలయాన్ని, అంటే బ్యాక్టీరియా ఎదగని చోటును, చూశాను. నా సలహా అక్కడి నుంచే మొదలవుతుంది: ఆ వలయాన్ని ఇప్పుడే నమ్మవద్దు.

కైటోసాన్ మంచినీళ్లలో కరగదు గనుక దానిని ఒకటి రెండు శాతం ఎసిటిక్ ఆమ్లంలో కరిగించి, పళ్లెంలో పోసి ఆరబెడతాము. ఆరిన తరువాత కూడా ఆమ్లం కొంత ఫిల్ములోనే ఉండిపోతుంది. అలాంటి ఫిల్మును తడి అగర్ మీద పెట్టగానే ఆ ఆమ్లం చుట్టూ పాకి, పీహెచ్‌ను తగ్గించి, బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. వెనిగర్ చేసిన పనిని మనం కైటోసాన్ ఖాతాలో రాసుకుంటాము. ఇది నేను స్వయంగా చేసిన తప్పు. ఏడెనిమిది నెలల ఫలితాలను సంబరంగా సెమినారులో చదివి వినిపించాక, వెనుక వరుసలో కూర్చున్న సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకురాలు ఒకరు, ‘‘ఉత్త ఆమ్లంలో తడిపిన కాగితపు బిళ్లను పక్కన పెట్టి చూశారా?’’ అని అడిగారు. చూడలేదు. మర్నాడు పెట్టి చూస్తే, రెండు వలయాలకూ పెద్ద తేడా లేదు. కాబట్టి ఫిల్మును పలుచని కాస్టిక్ సోడాలో ముంచి, కడిగిన నీటి పీహెచ్ మామూలు స్థాయికి వచ్చేదాకా కడిగి, ఆ తరువాతే పరీక్షకు పెట్టు. ఆమ్లంలో తడిపిన బిళ్ల ఒకటి, ఏ మందూ లేని మామూలు గాజుగుడ్డ ముక్క ఒకటి ప్రతి పళ్లెంలోనూ ఉండితీరాలి.

కడిగిన తరువాత వలయం మాయం కావచ్చు. అలా జరిగితే నీ పదార్థం పనికిరాదని అనుకోవద్దు. అగర్‌లోకి పాకగలిగిన చిన్న అణువులకే వలయం వస్తుంది. కైటోసాన్ వంటి పొడవాటి గొలుసు ఉన్నచోటనే ఉండి, తనను తాకిన క్రిమిని మాత్రమే దెబ్బతీస్తుంది. అందుకు సరైన పరీక్ష, లెక్కించిన బ్యాక్టీరియాను ఫిల్ముకు ఆనించి ఉంచి, నిర్ణీత సమయం తరువాత బతికినవాటిని లెక్కపెట్టడమే. ఫిల్ముకు అంటుకుని బతికున్న క్రిములను కూడా గట్టిగా కుదిపి విడదీయాలి, లేకపోతే అవి చచ్చినవాటి లెక్కలో చేరిపోతాయి. 99 శాతం చచ్చాయని పొంగిపోకు: 10 లక్షలతో మొదలుపెడితే ఇంకా 10 వేలు మిగిలాయన్నమాట. కనీసం 99.9 శాతం, అంటే మూడు లాగ్‌ల తగ్గుదల (వెయ్యింటికి ఒకటే మిగలడం), చూపగలగాలి.

ఇంతకంటే కష్టమైన చిక్కు మరొకటి ఉంది. కైటోసాన్‌లోని అమైన్ గుంపులు ధనావేశం పొందితేనే, రుణావేశమున్న బ్యాక్టీరియా పైపొరకు పట్టుకుంటాయి. వాటి పీకేఏ (సగం గుంపులు ఆవేశంతో ఉండే పీహెచ్) సుమారు 6.5 కనుక, పీహెచ్ అంతకు మించిన కొద్దీ ఆ ఆవేశం తగ్గిపోతుంది. షుగరు రోగి పాదం మీద నెలల తరబడి మానని పుండు చాలాసార్లు క్షార స్వభావంతో, పీహెచ్ 7 దాటి ఉంటుంది. పైగా దానిలో ఊరే రసి నిండా ప్రోటీన్లే; అవి కూడా కైటోసాన్ పనికి అడ్డుపడతాయి. అందుచేత పీహెచ్ 7.4 దగ్గర, సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ప్రోటీన్ల ద్రవం) కలిపిన ద్రవంలో చేసిన పరీక్షనే నిజమైన పరీక్షగా భావించు. అక్కడ నీ ఫిల్ము చేతులెత్తేస్తే, అమైన్‌ను క్వాటర్నరీ అమ్మోనియంగా మార్చి శాశ్వత ధనావేశం ఇవ్వడం ఒక దారి. అయితే ఆ ఆవేశానికి నూనె స్వభావమున్న పొడవాటి తోకను కూడా తగిలిస్తే, బ్యాక్టీరియా పొరను చీల్చే గుణమే మన ఎర్ర రక్తకణాల పొరనూ చీలుస్తుంది. క్రిమిని ఆపే మోతాదును కొలిచిన రోజే, రక్తకణాలు పగిలే మోతాదును కూడా కొలిచి, రెండింటినీ ఒకే పట్టికలో రాయి.

రెండో దారి వెండిని కలపడం. 1960లలో కాలిన గాయాలకు 0.5 శాతం సిల్వర్ నైట్రేట్‌ను, 1968లో చార్లెస్ ఫాక్స్ సిల్వర్ సల్ఫాడయజీన్‌ను తెచ్చినప్పటి నుంచి వెండి శక్తిని ఎవరూ శంకించలేదు. కానీ మోతాదు మించితే అది కొత్త చర్మాన్ని అల్లే కణాలనూ చంపుతుంది. వైద్య పరికరాల పదార్థాలు కణాలకు హానికరమా అని చూసే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 10993-5 పరీక్షలో కణాల జీవశక్తి 30 శాతానికి మించి తగ్గితే ఆ పదార్థాన్ని విషపూరితంగానే లెక్కిస్తారు. గొలుసులను ముడివేయడానికి గ్లుటరాల్డిహైడ్ వాడితే, అందులో మిగిలిన కాస్త కూడా ఈ పరీక్షలో నిన్ను ఓడించగలదు.

ఏ పుండుకు ఈ పట్టీ అన్నది ముందే తేల్చుకో. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన ప్రయోగంలో, ఆరబెట్టిన గాయాల కంటే ఫిల్ము కింద తడిగా ఉంచిన గాయాలు దాదాపు రెట్టింపు వేగంతో పైచర్మాన్ని కప్పుకున్నాయి. అలాగని ఒకే తడి అన్నిటికీ సరిపోదు: మామూలు చర్మం నుంచి చదరపు మీటరుకు రోజుకు సుమారు 200 గ్రాముల నీరు ఆవిరైతే, ఎర్రగా కండ పడుతున్న పుండు నుంచి 5,000 గ్రాములు దాటుతుంది. అన్నట్టు, కాలిన గాయాల వార్డులలో అరటి ఆకును పట్టీగా వాడుతారని విన్నావా? దాని గొప్పతనం క్రిములను చంపడం కాదు, పుండుకు అతుక్కోకపోవడం. కట్టు మార్చేటప్పుడు రోగి ఎంత విలవిలలాడాడన్నదే నర్సు దృష్టిలో నీ పట్టీ యోగ్యత కనుక, ఊడదీయడానికి పట్టే బలాన్ని కూడా కొలువు.

ముడిసరుకు సంగతి తక్కువ కాదు. భీమవరం, కాకినాడ ప్రాంతాలలో రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్ల వల్ల పెంకులకు కొదవ లేదు గాని, ఒక లాటుకూ మరొక లాటుకూ అణుభారం, డీఎసిటైలేషన్ శాతం (పెంకులోని కైటిన్ నుంచి ఎసిటైల్ గుంపులు ఎంత తొలగాయన్న లెక్క), మిగిలిన ప్రోటీన్ మారిపోతుంటాయి. చదువు పూర్తయ్యేదాకా సరిపడే ఒకే లాటును కొని, బూడిదనూ ప్రోటీన్‌నూ కొలిపించి పెట్టుకో. రొయ్యలు పడనివారి విషయంలో ఆ ప్రోటీన్ లెక్కే మొదట అడుగుతారు.

స్టెరిలైజేషన్‌ను చివరికి వాయిదా వేయవద్దు. మామూలుగా వాడే 25 కిలోగ్రే (కిరణాల మోతాదు కొలమానం) గామా కిరణాలు కైటోసాన్ గొలుసులను తెంచి ఫిల్మును పెళుసుగా మారుస్తాయి. అవే కిరణాలు నీళ్లలోని పాలీవినైల్ ఆల్కహాల్‌ను ముడివేస్తాయి. ముంబై ట్రాంబేలోని బార్క్ (భాభా అణు పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు గాయాలకు హైడ్రోజెల్ (నీటిని పట్టి ఉంచే జెల్లీ) పట్టీలను ఆ సూత్రం మీదనే రూపొందించారు. ఆ రెండింటినీ కలిపి చూడటం నీకు ఉపయోగపడవచ్చు. ఏది ఏమైనా, కిరణాలు పడిన తరువాతి నమూనాలతోనే పైన చెప్పిన పరీక్షలన్నీ మళ్లీ చేయి.

ముందుగా ఆ ఆమ్లపు బిళ్ల ప్రయోగం ముగించి, రెండు వలయాల వ్యాసాలను మిల్లీమీటర్లలో నాకు రాసి పంపు.

ఇట్లు,
మీ మామయ్య