చెట్లు, ఉప్పు అంటూ ఇదేం చదువని అడిగిన నాన్నగారికి

నిజాంపట్నం వైపు నుంచి ఒక తండ్రి రాశారు. అమ్మాయి ఇంటర్ బైపీసీ. ఉప్పునీళ్లకి పెరట్లో మామిడి మాడిపోతుంటే కాలవ గట్టున మడ చెట్టు పచ్చగా ఎలా ఉంటోందో, ఆ జీన్ల గురించే చదువుతానంటోందట. బీటెక్ బయోటెక్నాలజీ మేలా, బీఎస్సీ అగ్రికల్చర్ మేలా అని ఆయన ప్రశ్న.

మీ టెన్షన్ కోర్సు గురించి కాదండీ. పీహెచ్‌డీ అంటూ ముప్పై ఏళ్లు వచ్చేదాకా చదువుతుంటే పెళ్లెప్పుడు, సంపాదన ఎప్పుడు, అదీ. ఏటా ఇలాంటి తల్లిదండ్రులు పదిమందైనా వస్తారు నా దగ్గరికి.

బయోటెక్ బీటెక్ మీద నాకు అనుమానాలున్నాయి. లక్షలు కట్టి చేరిన పిల్లలు నాలుగో ఏడాదిలో వచ్చి సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వెళ్లమంటారా అని అడుగుతుంటే బాధేస్తుంది. ఒక జీన్ మారిస్తే చాలు, చెట్టు ఉప్పుని తట్టుకుంటుందన్నట్టు చెప్పి కాలేజీలు చేర్చుకుంటాయి. అలా ఉండదు. వేరులోకొచ్చిన సోడియాన్ని బయటికి తోసే పంపుకి ఎస్ఓఎస్1 జీన్, మిగిలినదాన్ని కణంలోనే సంచిలో దాచడానికి ఎన్‌హెచ్‌ఎక్స్, ఆకుదాకా పోకుండా ఆపడానికి హెచ్‌కేటీ1, వీటిలో ఏది ఎప్పుడు ఎంత పనిచేయాలో నడిపించే జీన్లు మళ్లీ వేరే. చెన్నైలో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు మడ జీన్లని వరిలో పెట్టి చూశారు, ఆ వరి ఇంకా రైతు పొలానికి రాలేదు. వరైతే నాలుగైదు నెలల్లో తేలుతుంది, చెట్టుకి ఏళ్లు పడుతుంది. ఓపికున్న పిల్లలకే ఈ పని.

అందుకే అగ్రికల్చర్ బీఎస్సీ అంటాను. నేల, మొక్క రెండూ చేతికి తెలుస్తాయి, పరిశోధన వద్దనుకున్నా వ్యవసాయ శాఖ, బ్యాంకులు, విత్తన కంపెనీలు ఉన్నాయి. తర్వాత ఎమ్మెస్సీ జెనెటిక్స్. జాతీయ స్థాయి నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్, వస్తే నెలకి 37,000 రూపాయలు, అంటే పీహెచ్‌డీ చేస్తున్నన్నాళ్లూ మీ మీద భారం పడదు. ఉప్పు నేలల పరిశోధన మీ బాపట్లలోనే ఉంది, అటవీ చెట్ల జన్యుశాస్త్రానికి కోయంబత్తూరులో కేంద్ర సంస్థ ఉంది. దారి లేని చదువేం కాదు, భయపడకండి.

ఒక్క మాట గట్టిగానే అంటున్నా, ఏమీ అనుకోకండి. రెండు పేజీల ఉత్తరంలో అమ్మాయి మాట ఒక్క వాక్యమే ఉంది, మిగతాదంతా బంధువులేమంటారన్నదే. చదవాల్సింది తనా, వాళ్లా? ఈ ఆదివారం ఇద్దరూ కాలవ గట్టుకి వెళ్లండి. ఎండెక్కాక మడ ఆకు కోసి చూస్తే దాని మీద ఉప్పు పలుకులు మెరుస్తుంటాయి, అది ఎందుకు వచ్చిందో తనని అడగండి. తను చెప్పేది అడ్డు రాకుండా పూర్తిగా వినండి. ఈసారి ఉత్తరం మాత్రం తననే రాయమనండి.