గదిలో మాట గడప దాటాలంటే

ప్రశ్న: మాదాపూర్‌లోని మా ఆఫీసు మీటింగు గదిలో పన్నెండు మందిమి కూర్చుంటాం. వరంగల్, విశాఖ నుంచి ఐదుగురు ఆన్‌లైన్‌లో కలుస్తారు. బల్ల మధ్యలో ఒక లాప్‌టాప్ పెడతాం. బావిలోంచి మాట్లాడుతున్నట్టుందని వాళ్ళ గోల. మంచి కెమెరా ఏది కొనాలో చెప్పండి.

జవాబు: కెమెరా కొనకండి. ఆ డబ్బు మైకుకీ కర్టెన్లకీ పెట్టండి. మొహం మసకగా కనబడినా మీటింగు సాగుతుంది, మాట అర్థం కాకపోతే సాగదు.

బావి ఎక్కడ నుంచి వచ్చిందో ముందు చూద్దాం. దూరం రెట్టింపైన ప్రతిసారీ నోటి నుంచి నేరుగా మైకుని చేరే ధ్వని 6 డెసిబెల్స్ పడిపోతుంది. అర మీటరు దూరంలో ఉన్నవాడితో పోలిస్తే 4 మీటర్ల అవతల, బల్ల చివర కూర్చున్నవాడి గొంతు 18 డెసిబెల్స్ తక్కువగా చేరుతుంది. గోడలకి కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని మాత్రం గది అంతా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. దాంతో చివరి కుర్చీలో మనిషి మాట ఆ ప్రతిధ్వనిలో మునిగిపోతుంది. వాల్యూమ్ పెంచితే ప్రతిధ్వనీ ఏసీ మోతా కూడా కలిసి పెరుగుతాయి, లాభం ఉండదు.

గది మధ్యలో నిలబడి ఒక్కసారి చప్పట్లు కొట్టి చూడండి. ‘ఝుం’ అని సాగితే తప్పు గదిది. గాజు గోడ, టైల్స్ నేల, గ్రానైట్ బల్ల అన్నీ ఒకేచోట చేరితే అలాగే ఉంటుంది. గాజుకి మందపాటి మడతల కర్టెన్, నేల మీద కార్పెట్, ఎదురెదురు గోడల్లో కనీసం ఒకదానికి 50 మిల్లీమీటర్ల గ్లాస్‌వూల్ ప్యానెళ్ళు వేయించండి. గుడ్ల అట్టలాంటి పల్చటి ఫోమ్ షీట్లు చూడ్డానికి స్టూడియోలా ఉంటాయి గానీ మగ గొంతులోని కింది స్థాయి శబ్దాన్ని పీల్చవు.

తర్వాత మైకు. ఎవరి నోటికీ మైకు ఒకటి, ఒకటిన్నర మీటర్లకి మించి దూరంలో ఉండకూడదు. పన్నెండు మంది బల్లకి, అదనపు మైకులు తగిలించుకునే వీలున్న స్పీకర్‌ఫోన్ తీసుకుని, రెండు మైకులు ఇటూ అటూ పెట్టండి. మైకూ స్పీకరూ ఒకే పరికరంలో ఉండటం మేలు. శబ్దాన్ని టీవీ స్పీకర్లలోంచి వదిలితే, టీవీ తనంతట తాను కలిపే ఆలస్యం వల్ల ఎకోని తుడిచే సాఫ్ట్‌వేర్ తడబడుతుంది. మామూలు యూఎస్‌బీ 2.0 తీగ 5 మీటర్లు దాటకూడదు. దాటితే మీటింగు మధ్యలో మైకు ఉన్నట్టుండి మాయమవుతుంది, నెపం మాత్రం సాఫ్ట్‌వేర్ మీదకి పోతుంది. అంతకంటే పొడుగు కావాలంటే యాక్టివ్ ఎక్స్‌టెన్షన్ (మధ్యలో సిగ్నల్‌ని బలపరిచే తీగ) వాడాలి.

గదిలో మిగతావాళ్ళు తమ లాప్‌టాప్‌ల నుంచి కూడా చేరితే, ఆడియో లేకుండా చేరాలి. మైకు మ్యూట్ చేస్తే సరిపోదు. స్పీకరు మోగుతూనే ఉంటుంది, ఆ శబ్దాన్ని బల్ల మీది మైకు మళ్ళీ పట్టుకుంటుంది. అన్నట్టు, చాయ్ సాసర్లు మైకు పక్కన పెట్టకండి. మీకు వినబడని టంగుమనే చప్పుడు అవతలివాళ్ళ చెవిలో గంట కొట్టినట్టుంటుంది.

ప్రశ్న: కూకట్‌పల్లిలో అపార్ట్‌మెంట్. 100 ఎంబీపీఎస్ ప్లాన్. అయినా సాయంత్రం కాల్స్‌లో నా గొంతు తెగిపోతోందంటున్నారు. ప్లాన్ పెంచాలా?

జవాబు: అక్కర్లేదు. ఇలాంటి కాల్స్‌లో ఎక్కువగా వాడే ఓపస్ కోడెక్‌కి (గొంతుని కుదించి పంపే పద్ధతి) సెకనుకి 32 కిలోబిట్లు చాలు, మాట శుభ్రంగా వినిపిస్తుంది. దారి వెడల్పు సరిపోతోంది, మధ్యలో ప్యాకెట్లు (మాటని ముక్కలు చేసి పంపే డేటా పొట్లాలు) పోవడమో ఆలస్యంగా చేరడమో జరుగుతోంది.

గొంతు తెగే సమయంలోనే మీ రౌటర్ చిరునామాకి (చాలా ఇళ్ళల్లో 192.168.1.1) వందసార్లు పింగ్ చేయండి, అంటే లాప్‌టాప్‌లో ping కమాండ్‌తో చిన్న సందేశం పంపి జవాబు ఎంతసేపట్లో వస్తుందో చూడండి. అక్కడే జవాబులు పోతున్నా, వందల మిల్లీసెకన్లు పడుతున్నా తప్పు వైఫైది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీదొకటి పడని చానళ్ళు మూడే: 1, 6, 11. సాయంత్రం ఇరుగు పొరుగు రౌటర్లన్నీ ఆ మూడింటి కోసమే కొట్టుకుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కి మారండి. రౌటర్‌కీ లాప్‌టాప్‌కీ మధ్య క్యాట్ 6 నెట్‌వర్క్ తీగ లాగితే ఇంకా నిశ్చింత.

రౌటర్ వరకు బాగుండి, బయటి సర్వర్‌కి పింగ్ చేస్తే అంకెలు ఎగిరెగిరి పడుతున్నాయా? అయితే ఇంట్లో ఏదో ఫోను ఫొటోలు బ్యాకప్ చేస్తూ అప్‌లోడ్ దారిని నింపేస్తోందేమో చూడండి. ఆ క్యూ వెనక మీ మాట నిలబడిపోతుంది. బ్యాకప్‌ని రాత్రికి మార్చండి. రౌటర్‌లో ఎస్‌క్యూఎం (క్యూ పెరగకుండా చూసే సెట్టింగు) ఉంటే అప్‌లోడ్ పరిమితిని అసలు వేగంలో 85–90 శాతానికి పెట్టండి. కరెంటు పోయినప్పుడల్లా కాల్ తెగుతుంటే 12 వోల్టుల మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. రౌటర్‌తో పాటు ఫైబర్ డబ్బా విడిగా ఉంటే దానికీ కావాలి. కొనేముందు రెండు అడాప్టర్ల మీద రాసిన వోల్టులూ ఆంపియర్లూ చదవండి.

ప్రశ్న: డిజైన్ చర్చల్లో ఉప్పల్ ఇంటి నుంచి కలుస్తాను. నేను నోరు తెరిచేలోపు గదిలో ఇంకొకరు అందుకుంటారు. నా బెరుకే కారణమా?

జవాబు: మీ బెరుకు కాదు, ఆలస్యం. ఎదురెదురుగా మాట్లాడేటప్పుడు ఒకరు ఆపిన సుమారు 200 మిల్లీసెకన్లలో ఇంకొకరు అందుకుంటారు. ఆ ఖాళీ మీ చెవికి చేరడానికి కొంత, మీ మాట గదికి చేరడానికి కొంత పడుతుంది. ఒక్కో వైపు 150 మిల్లీసెకన్లున్నా మీ వంతు దాటిపోయినట్టే.

అందుకని గదిలోవాళ్ళూ చెయ్యెత్తే బటన్‌నే నొక్కాలి, అందరిదీ ఒకే వరస కావాలి. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ సమావేశాల్లో హాల్లో ఉన్నవాళ్ళు కూడా ఫోనులోంచే ఆ వరసలో చేరతారు. మీటింగు నడిపే మనిషే తెరనీ చూడాలంటే కుదరదు. వరస చూసి పేరు పిలవడానికి వేరే ఒకరిని కూర్చోబెట్టమనండి. స్లయిడ్లకి పేజీ అంకెలు వేసి ముందురోజే పంపమనండి. ‘ఇదిగో ఈ గీత’ అని గోడ మీద వేలు పెడితే మీకేం కనబడుతుంది? ‘7వ పేజీ, ఎడమ డబ్బా’ అనాలి. వైట్‌బోర్డు తప్పదంటే స్టాండ్ మీద ఒక ఫోను పెట్టి, దాన్ని ఆడియో లేకుండా మీటింగులో కలిపితే చాలు.

ప్రశ్న: కాలిఫోర్నియా వాళ్ళతో రాత్రి 9 గంటల మీటింగు నవంబరులో 10కి ఎందుకు జరుగుతుంది?

జవాబు: వాళ్ళు నవంబరు మొదటి ఆదివారం గడియారం గంట వెనక్కి తిప్పుతారు, మనం తిప్పం. మార్చి రెండో ఆదివారం మళ్ళీ 9కి వస్తుంది. ఆహ్వానాన్ని భారత కాలమానంలో సృష్టిస్తే మీకు మారదు, వాళ్ళకి మారుతుంది. ఎవరి నిద్ర పోవాలో ముందే మాట్లాడుకోండి.